ఊళ్లో కార్డు, బెంగళూరులో జబ్బు: ఆ 25 లక్షలు మనదాకా వస్తాయా?

హిందూపురం_పిల్లోడు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా మేనమామ వైట్‌ఫీల్డ్ వైపు తాపీ పని చేస్తాడు. పదకొండేళ్లుగా ఇక్కడే. రేషన్ కార్డు, ఓటు మాత్రం ఊళ్లోనే. పోయిన నెల పనిలో ఉండగా ఎదలో నొప్పి వచ్చింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయినాం. గోడ మీద ఆంధ్రా పథకం బోర్డు ఉంది, మా దగ్గర కార్డు ఉంది, భయం లేదనుకున్నాం. యాంజియోగ్రామ్ చేసి రెండు స్టెంట్లు పడతాయన్నారు. కార్డు ఇస్తే 'మీ పథకంలో మా దగ్గర క్యాన్సర్ ఒక్కటే, గుండెకు లేదు' అన్నారు. అప్పుడు టైము రాత్రి పదకొండున్నర. లక్షన్నర అడ్వాన్సు. తెల్లారేసరికి మా అత్త గాజులు కుదువకు పోయినాయి.

2025 సెప్టెంబరులో ఆంధ్రా కేబినెట్ యూనివర్సల్ హెల్త్ పాలసీ ఆమోదించింది కదా. ఆదాయంతో పని లేదు, అన్ని కుటుంబాలకూ, 25 లక్షల దాకా అన్నారు. మా ఊరి వాట్సాప్ గ్రూపులో దాని మీద రోజూ కొట్లాటే. ఒకరు దేవుడంటారు, ఒకరు దొంగలంటారు. ఊరు వదిలి బెంగళూరులో కూలి చేసుకునేవాళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ పాలసీ మనదాకా వస్తుందా, లేక మనం కర్ణాటకనే అడగాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_ఆరోగ్యమిత్ర | ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు మామయ్య ఎలా ఉన్నారో రాయి.

నేను అనంతపురంలో ఆరేళ్లు ఆరోగ్యమిత్రగా, అంటే ఆసుపత్రిలో పథకం రోగులకు సాయపడే ఉద్యోగిగా చేశాను. ఇప్పుడు బనశంకరిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీకు జరిగింది చాలామందికి జరుగుతోంది. 2019 నవంబరు 1 నుంచి ఆరోగ్యశ్రీని (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాలకు విస్తరించారు. అయితే పథకంలో ఉన్న జబ్బులన్నిటికీ కాదు, 716 సూపర్ స్పెషాలిటీ ప్రొసీజర్లకే. పైగా ఆసుపత్రికి అనుమతి విభాగాల వారీగా ఇస్తారు. ఒకచోట క్యాన్సర్‌కు ఉంటే గుండెకు ఉండదు, ఇంకోచోట గుండెకు ఉంటే కిడ్నీకి ఉండదు. బోర్డు మీద ఆ సంగతి రాయరు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని పక్కన పెట్టుకుని వెబ్‌సైట్‌లో విభాగం వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

ఇక కొత్త పాలసీ. ఇది రెండు అంచెల ఏర్పాటు. మొదటి రెండున్నర లక్షలు ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది. ఆపైన 25 లక్షల వరకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చూసుకుంటుంది. 1.63 కోట్ల కుటుంబాలు అని లెక్క చెప్పారు. కేబినెట్ ఆమోదం ఒక మెట్టు, ఆసుపత్రి కౌంటర్‌లో పనిచేయడం ఇంకో మెట్టు. బయటి రాష్ట్రాల ఆసుపత్రుల్లో విభాగాలు పెంచనంతకాలం 25 రాసినా 50 రాసినా వైట్‌ఫీల్డ్‌లో ఆ కౌంటరు అదే జవాబు చెబుతుంది.

సర్జాపూర్_రోడ్డు | ఆదివారం, రాత్రి 10:52

మీ మామయ్యగారి సంగతి చదివి మనసు పాడైంది. కానీ పాలసీ గురించి నా అభిప్రాయం వేరు.

నాకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. ఇంట్లో ఇద్దరం సంపాదిస్తున్నాం. మా కుటుంబానికీ, తాపీ మేస్త్రి కుటుంబానికీ ఒకే కవరేజీ ఎందుకివ్వాలి? ఖజానాలో డబ్బు ఎంతుందో అందరికీ తెలుసు. ఉన్నదాన్ని కోటిన్నర కుటుంబాలకు పలచగా పంచేకంటే లేనివాళ్లకు గట్టిగా ఇవ్వాలి. ఇన్సూరెన్స్ గీత రెండున్నర లక్షల దగ్గర గీశారంటే ఎక్కువ కేసులు ఆ లోపే తేలిపోతాయని ప్రభుత్వానికీ తెలుసు. మరి 25 ఎవరికోసం? పోస్టర్ కోసం. అదే డబ్బుతో జిల్లా ఆసుపత్రిలో స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్ పెడితే హిందూపురం మనిషికి స్టెంట్ కోసం బెంగళూరే రావాల్సిన అవసరం ఉండదు.

కెంగేరి_అక్క | ఆదివారం, రాత్రి 11:30

సర్జాపూర్ గారూ, రెండేళ్ల కిందట నేనూ అచ్చం మీలాగే మాట్లాడేదాన్ని.

తర్వాత ఉద్యోగం పోయింది. చివరి పనిదినంతో పాటు ఇన్సూరెన్సూ పోయింది. నాన్నకు షుగరు, ఒక కన్ను ఆపరేషన్ అప్పటికే అయింది. సొంతంగా పాలసీ తీసుకుందామంటే ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే అన్నేళ్లు ఆగితేనే ఆ జబ్బులకు డబ్బు ఇస్తారు. 2024లో దాన్ని గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. మంచిదే. కానీ మూడేళ్లు నాన్న జబ్బు ఆగదు కదా. అప్పుడు నాకు ఏ కార్డూ లేదు. పోయిన ఏడాది ఆదాయం చూస్తే నేను ధనవంతురాలిని, బ్యాంకు ఖాతా చూస్తే మూడు నెలల అద్దె కూడా లేదు.

ఆదాయాన్ని బట్టి ఇవ్వాలంటారు. ఆదాయం ఏ రోజుది? జబ్బు వచ్చిన రోజుదా, రెండేళ్ల కింద సర్టిఫికెట్ మీద రాసిందా? అందుకే అందరికీ అన్న మాట నాకు తప్పుగా అనిపించదు. మీకు ఇవాళ అవసరం లేకపోతే మీరు వాడుకోరు, అంతే.

ముళబాగిలు_మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

నేను కోలారు జిల్లావాణ్ని. మా ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. మేము వలస వచ్చినవాళ్లం కాదు, తాతల కాలం నుంచి ఇక్కడివాళ్లమే. కాబట్టి కర్ణాటక సంగతి నేను చెబుతాను.

ఈ రాష్ట్రం ఆరోగ్యం విషయంలో వెనకబడిందేమీ కాదు. సహకార సంఘాల రైతుల కోసం 2003లోనే యశస్విని నడిచింది. నెలకు కొద్ది రూపాయలు కట్టిన రైతుకు గుండె ఆపరేషన్ చేయించిన పథకం అది. 2010లో వాజ్‌పేయి ఆరోగ్యశ్రీ వచ్చింది. 2018 మార్చిలో ఆరోగ్య కర్ణాటక అని అన్నిటినీ కలిపారు, అదే ఏడాది అక్టోబరు చివర్లో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌తో ముడిపెట్టారు. బీపీఎల్ (పేదరిక రేఖకు దిగువ) కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఏపీఎల్ (ఆ రేఖకు ఎగువ) అయితే ప్యాకేజీ ధరలో 30 శాతం ప్రభుత్వం, 70 శాతం మనం, అదీ ఏడాదికి లక్షన్నర వరకే. సర్జాపూర్ గారూ, మీరు చెప్పిన 'లేనివాళ్లకు గట్టిగా, ఉన్నవాళ్లకు కొంచెం' పద్ధతి ఇదే. ఇది కాగితం మీద న్యాయంగా కనిపిస్తుంది. దీని బాధ ఎక్కడంటే, బీపీఎల్ కార్డు ఒక్కటే తాళం చెవి అయిపోయింది. 2024 నవంబరులో అనర్హుల కార్డులు ఏరివేస్తున్నామని మొదలుపెట్టినప్పుడు మా ఊళ్లో జనం బియ్యం గురించి ఏడ్చారనుకున్నారా? కీమో మధ్యలో ఉన్న ఒక ఇంటివాళ్లు తాలూకా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. గొడవయ్యాక ప్రభుత్వం వెనక్కి తగ్గి, ప్రభుత్వోద్యోగులు, పన్ను కట్టేవాళ్లవి తప్ప మిగతావి తిరిగిస్తామంది. ఆ పది రోజులు వాళ్లు పడిన నరకం ఏ లెక్కలోనూ ఉండదు.

ఇంకొకటి. ఇక్కడ అత్యవసరం కాకపోతే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి, వాళ్లు రెఫరల్ రాస్తేనే ప్రైవేటులో చెల్లుతుంది. జనం దీన్ని తిడతారు. నేను మాత్రం సమర్థిస్తాను. ఆ రెఫరల్ వల్లే ప్రభుత్వ ఆసుపత్రి ఇంకా బతికి ఉంది.

పులివెందుల_అభిమాని | సోమవారం, ఉదయం 9:05

అసలు ఇదంతా మొదలుపెట్టింది ఎవరు? 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ తెచ్చింది వైఎస్. 2023 డిసెంబరులో 25 లక్షలు చేసింది జగన్. ఇప్పుడు కొత్తగా ఇచ్చిందేంటి?

గుంటూరు_మిర్చి | సోమవారం, ఉదయం 9:22

అంకె పెంచి ఆసుపత్రులకు బకాయిలు మిగిల్చిపోయారు. ఏడాదికి 5 లక్షల ఆదాయం దాటితే అప్పుడు కార్డు లేదు. ఆ గీత చెరిపేస్తున్నది ఇప్పుడే.

పులివెందుల_అభిమాని | సోమవారం, ఉదయం 9:31

చెరిపేసి ఇన్సూరెన్స్ కంపెనీల చేతిలో పెడుతున్నారు. ఇంకోపక్క పది కొత్త మెడికల్ కాలేజీలు పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) అంటున్నారు. లాభం చూసుకునే కంపెనీ క్లెయిము ఇస్తుందా, కొర్రీ పెడుతుందా? ఆలోచించండి.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 9:50

ఇద్దరూ ఇక్కడితో ఆపండి. ఇన్సూరెన్సా, ట్రస్టా అన్నది మంచి ప్రశ్న, దాని మీద రాయండి. నాయకుల మీద వద్దు.

ఒక్క మాట మాత్రం నాకూ చెప్పాలని ఉంది. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారిన ప్రతిసారీ పాత కార్డు చెల్లుతుందో లేదో తెలియక మా అమ్మ మూడు కార్డులూ ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వస్తుంది. ఏదో ఒకటి పనిచేయకపోతుందా అని ఆమె ఆశ.

బిల్లింగ్_కౌంటర్ | సోమవారం, మధ్యాహ్నం 2:10

నేను ఇక్కడ ఒక మధ్యస్థాయి ఆసుపత్రిలో పథకాల డెస్కులో పనిచేస్తున్నాను. పేరు చెప్పను. కౌంటరుకు అవతలి వైపు ఏం జరుగుతుందో కూడా మీకు తెలియాలి.

రోగి చేరగానే ఫొటో, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తాం. ప్రీఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) వస్తే ఆపరేషన్. డిశ్చార్జి అయ్యాక క్లెయిము పెడతాం. ఒక సంతకం లేదని, ఒక ఫిల్ము స్పష్టంగా లేదని వెనక్కి వస్తుంది. సరిచేసి మళ్లీ పంపుతాం. అది పాసయ్యాక కూడా డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు మందుల షాపువాడికీ, ఇంప్లాంట్ సరఫరాదారుకీ మేం కట్టాల్సిందే. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రాలో పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. పేపర్లలో చూసే ఉంటారు. సొంత రాష్ట్రంలోనే అలా ఉంటే పక్క రాష్ట్రపు ఆసుపత్రి యాజమాన్యం ఏమనుకుంటుంది? కర్ణాటక బకాయి అయితే ఇక్కడే ట్రస్టు ఆఫీసుకు వెళ్లి అడగొచ్చు. ఆంధ్రా బకాయికి అమరావతి చుట్టూ తిరగాలి. అందుకే ఉన్న విభాగాల్ని కూడా తగ్గించుకుంటారు, మంచాలు ఖాళీ లేవంటారు. ఇది తప్పని నాకూ తెలుసు. నేను జీతగాణ్ని.

ఇన్సూరెన్స్ గురించి అడిగారు. ఆరోగ్యశ్రీ కూడా మొదట్లో ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారానే నడిచింది, తర్వాతే ట్రస్టు కిందికి మారింది. తమిళనాడు ముఖ్యమంత్రి పథకాన్ని 2012 నుంచీ ఇన్సూరెన్స్ పద్ధతిలోనే నడుపుతోంది. రెండూ నడుస్తాయి, రెండూ కూలతాయి. నా అనుభవంలో తేడా ఒకటే. కంపెనీ తొందరగా కాదంటుంది, ట్రస్టు ఆలస్యంగా అవునంటుంది.

హిందూపురం తమ్ముడూ, బిల్లులో స్టెంట్ ధర విడిగా రాసి ఉందో చూడు. 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్లకు కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో సహా రాయించుకునే హక్కు నీకు ఉంది. మొత్తం ఒకే ప్యాకేజీ అని రాస్తే విడదీసి ఇమ్మని రాతపూర్వకంగా అడుగు.

పాలమూరు_బిడ్డ | సోమవారం, రాత్రి 8:15

నేను ఈడ ఇంజనీరింగ్ సదువుతున్న. మా అమ్మానాయినలు ఇరవై ఏండ్ల కింద పనికొచ్చిండ్రు. ఎలహంక దిక్కు ఎన్ని అపార్టుమెంట్లు కట్టిండ్రో లెక్క లేదు. మా కార్డు తెలంగాణది. 2023 డిసెంబర్ 9 నాడు 10 లక్షలు జేసిండ్రు, సంతోషమే. గని మా అమ్మ మెట్ల మీదికెల్లి పడి తొడ బొక్క ఇరిగిన నాడు ఆ 10 లక్షలు ఏం అక్కరకు రాలే. సర్కారు దవాఖానకు తీసుకపోయినం. చేర్చుకున్నరు, ఎల్లగొట్టలే. డాక్టరు మంచిగ జూసిండు. రాడ్డు మాత్రం బయటికెల్లి కొనుక్కరమ్మన్నరు, కర్ణాటక బీపీఎల్ కార్డు ఉంటే ఆ పైసలు కూడా పెట్టే పని లేకుండె.

నాకు సమజ్ కానిది ఒకటే. బియ్యానికి ఒకే దేశం ఒకే రేషన్ అన్నరు. మా నాయిన ఈడనే వేలిముద్ర ఏసి బియ్యం తెస్తున్నడు. మరి రోగానికి ఎందుకు హద్దు? ఆయుష్మాన్ కార్డు ఏ రాష్ట్రంల అయినా చెల్లుతది అంటరు. గని కేంద్రం లెక్కల ఉన్న ఇండ్లకే అది. రాష్ట్రం తన పైసలతోని కలుపుకున్న ఇండ్లకు హద్దు దాటినంక ఏం లేదు. ఈ రెండు లెక్కల నడుమ పడ్డది మేమే. సబ్బు కొన్నా, సెల్లు రీచార్జి జేసినా పన్ను ఈడ్నే కడ్తున్నం. ఎన్నికలప్పుడు ఊరికి రమ్మని బస్సులు పెడ్తరు. రోగమొస్తే బస్సు పెట్టరు.

హోసూరు_చెల్లి | సోమవారం, రాత్రి 9:00

పాలమూరు చెల్లీ, నీ మాటకు తమిళనాడులో సగం జవాబు ఉంది.

మేము హోసూరులో ఉంటాం, రోజూ ఎలక్ట్రానిక్ సిటీకి పనికి వస్తాం. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం 'ఇన్నుయిర్ కాప్పోం' అనే పథకం తెచ్చింది. రాష్ట్రంలో రోడ్డు ప్రమాదం జరిగితే మొదటి 48 గంటల చికిత్స ఉచితం. తమిళనాడు మనిషా, ఆంధ్రానా, విదేశీయుడా అని చూడరు. మొదట లక్ష రూపాయల వరకు పెట్టారు, తర్వాత రెండు లక్షలు చేశారు. కార్డు అడగకుండా మనిషిని చూడడం సాధ్యమేనని అది రుజువు చేసింది. ఒక్క రోడ్డు ప్రమాదానికే ఎందుకు, గుండెపోటుకూ అలాగే మొదటి 48 గంటలు పెట్టొచ్చు కదా? మూడు రాష్ట్రాలు కూర్చుని తర్వాత లెక్కలు చూసుకోవచ్చు. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది, పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ కేసులో.

ఇంకో సంగతి. 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' మొదలుపెట్టింది మా కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లిలో. బీపీ, షుగరు మాత్రలు ఇంటికి తెచ్చిస్తారు. మా నాన్నమ్మకు రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చి వెళ్తారు. నెలకు మిగిలే డబ్బు చిన్నదే, కానీ ఆ మాత్ర ఆగకపోవడం వల్లే ఆమెకు పక్షవాతం రాలేదని మా డాక్టరు నమ్మకం.

ముళబాగిలు_మాస్టారు | సోమవారం, రాత్రి 9:35

మా జిల్లాలోనూ 2024 అక్టోబరులో గృహ ఆరోగ్య అని అదే దారిలో మొదలుపెట్టారు. ఇంటికి వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు. చెల్లి అసలు విషయం పట్టుకుంది. 5 లక్షలా, 25 లక్షలా అని అసెంబ్లీల్లో అరుచుకునేదంతా మంచం ఎక్కాక అయ్యే ఖర్చు గురించే. మంచం ఎక్కకముందు నెలనెలా కొనే మాత్రలు, స్కానింగులు ఆయుష్మాన్ భారత్ కార్డు కింద రావు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, కాదనను. అయినా వందలో నలభై రూపాయలు ఇంకా మన చేతిలోంచే పోతున్నాయి.

డయాలసిస్_కొడుకు | సోమవారం, రాత్రి 11:10

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకున్నాను.

మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆంధ్రాలో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను ఉంది. దాన్ని నేను నిండు మనసుతో గౌరవిస్తాను, అది లేకపోతే మా ఇల్లు నడవదు. కానీ పింఛను 1వ తేదీన ఊళ్లో ఇంటి దగ్గర ఇస్తారు. నా ఉద్యోగం ఇక్కడ, మిషను ఇక్కడ. 1వ తేదీ డయాలసిస్ రోజు పడితే ఏదో ఒకటి జరుపుకోవాలి. రాత్రి బస్సులో మదనపల్లె వెళ్లి, పొద్దున తీసుకుని, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి మిషను మీద పడుకోబెట్టిన రోజులు ఉన్నాయి. కాళ్లు వాచిపోయి ఉంటాయి, అయినా నోరెత్తి ఒక్క మాట అనడు. ఏ ప్రభుత్వమైనా కానీ, ఆ డబ్బు ఆయన ఉన్నచోట ఇస్తే చాలు. ఒక్క రూపాయి పెంచక్కర్లేదు.

సర్జాపూర్_రోడ్డు | మంగళవారం, ఉదయం 7:45

రాత్రి ఇవన్నీ చదివాక నా మొదటి పోస్టు నాకే కొంచెం తేలికగా అనిపించింది. కెంగేరి అక్క అడిగిన 'ఆదాయం ఏ రోజుది' అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందరికీ ఇవ్వడాన్ని ఇక వ్యతిరేకించను. 25 అంకె మీద మాత్రం నా మాట మారలేదు. బిల్లింగ్ కౌంటర్ గారు చెప్పిందాన్ని బట్టి కూడా అసలు చిక్కు అంకె కాదు, బకాయిలే కదా. గడువులోగా బకాయి కట్టకపోతే ఆసుపత్రికి వడ్డీ ఇస్తామని చట్టంలో రాసే పార్టీ ఉంటే, అంకె 5 దగ్గరే ఉంచినా నా ఓటు వాళ్లకే.

లేబర్_కార్డు | మంగళవారం, ఉదయం 11:20

ఒక ముఖ్యమైన దారి ఇంతవరకు ఎవరూ రాయలేదు. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996 కింద ఏర్పడిన సంక్షేమ మండలి కర్ణాటకలో ఉంది. కట్టే ప్రతి పెద్ద భవనం మీద సెస్సు వసూలు చేస్తారు, ఆ డబ్బు కార్మికులదే. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే చాలు, పేరు నమోదు చేసుకుని కార్డు తీసుకోవచ్చు. ఏ రాష్ట్రం అన్నది అడ్డు కాదు. కార్డు ఉన్నవాళ్లకు వైద్య సాయం పథకాలు ఉన్నాయి. పెద్ద కాంట్రాక్టరు దగ్గర జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా రావాలి. కార్మికుడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. చాలామంది మేస్త్రీలు ఆ యజమాని వాటా తప్పించుకోవడానికే పేర్లు ఎక్కించరు.

మీ మామయ్యకు రెండిట్లో ఏది ఉంది?

హిందూపురం_పిల్లోడు | మంగళవారం, రాత్రి 9:15

మామ బాగున్నాడన్నా. ఇంట్లోనే ఉన్నాడు, మెట్లెక్కొద్దన్నారు. రెండు కార్డులూ లేవు. పదకొండేళ్లలో ఎవరూ చెప్పలేదంట, మేస్త్రీని అడిగితే 'అవన్నీ కన్నడం వాళ్లకు' అన్నాడంట.

బిల్లు విడదీసి ఇమ్మని ఇవాళ రాసిచ్చినా. శుక్రవారం రమ్మన్నారు.

లేబర్_కార్డు | మంగళవారం, రాత్రి 9:40

ఆ మేస్త్రీ చెప్పింది అబద్ధం. ఈ ఆదివారం పొద్దున పదికి మడివాళ మార్కెట్ దగ్గరికి రండి, నేనే దగ్గరుండి ఫారం నింపుతాను. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఫొటో, ఆధార్‌తో ముడిపడిన ఫోన్ తెచ్చుకోండి. 90 రోజుల పని పత్రం మీద మేస్త్రీ సంతకం పెట్టనంటే ఆగిపోవద్దు. రిజిస్టరైన కార్మిక సంఘం ఇచ్చినా చెల్లుతుంది, ఆ సంఘం వాళ్లు ఆ రోజు నాతోనే ఉంటారు. పాలమూరు చెల్లీ, మీ అమ్మానాయినలనూ తీసుకురా.

పాలమూరు_బిడ్డ | మంగళవారం, రాత్రి 9:52

అమ్మ కర్ర పట్టుకొని నడుస్తున్నదన్నా. ఆటోల తీసుకొస్త. పదింటికి ఆడుంటం.